బాలింతకు తోడెవరు?

"పాలు చాలటం లేదు." తొలికాన్పు అయిన యింట మూడవనాడో నాలుగవనాడో ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తూ ఉంటుంది. తల్లి కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. తండ్రి చొక్కా తొడుక్కొని మందుల దుకాణానికి బయలుదేరుతాడు. అరగంటలో ఒక పాలడబ్బా, ఒక సీసా యింటికి వస్తాయి. చిత్రమేమంటే, అంతవరకు నిజం కాని ఆ మాట, డబ్బా గడప దాటిన క్షణం నుండి నిజం కావడం మొదలుపెడుతుంది.

ఇది ఎట్లా జరుగుతుందో, దీనిని ఎట్లా ఆపవచ్చునో తెలుసుకోవడానికి ఖరగ్‌పూర్ వంటి ఊరిని చూడడం మంచిది.

పందొమ్మిదవ శతాబ్ది చివరి ఏళ్ళలో బెంగాల్-నాగపూర్ రైల్వే మూలంగా పెరిగిన పట్టణమిది. 1,072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం కారణంగా దీని పేరు చాలాకాలం పిల్లల పాఠాలలో వినబడేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ కీర్తిని తీసికొనిపోయాయి. తెలుగువారికి మాత్రం ఖరగ్‌పూర్ అంటే ప్లాట్‌ఫారం కాదు, చుట్టాల ఊరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి రైలుపని వెదుక్కుంటూ వచ్చిన కుటుంబాలు తరాల తరబడి అక్కడే ఉండిపోయాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికారభాషా హోదా కల్పించడానికి నిశ్చయించినప్పుడు అందరి నోటా వినబడినది ఈ పట్టణం పేరే.

ఆ ఊళ్ళో 'ట్రాఫిక్' అంటే వాహనాల రద్దీ కాదు, ఒక పేట. రైళ్ళ రాకపోకలను నడిపే శాఖను రైల్వేవారు ట్రాఫిక్ శాఖ అంటారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వలెనే ఇదీ రైల్వే నీడన వెలసిన పేట. వరుసగా క్వార్టర్లు, గోడకు గోడ ఆనుకొని కాపురాలు. మనుషులకు కొదువ లేదు. అయినా అటువంటి చోట బాలింత ఒంటరిది కాగలదు.

ఎట్లాగంటారా? తొలికాన్పు పుట్టింట జరగాలన్నది మన ఆచారం. నెలలు నిండిన అమ్మాయి రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులోనో, పలాసలోనో దిగుతుంది. అక్కడ అమ్మ, అమ్మమ్మ, మేనత్త ఉంటారు. మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో బిడ్డను ఒడిలో పెట్టుకొని తిరిగి క్వార్టరుకు వస్తుంది. ఆనాటినుండి పగలు వంట, రాత్రి బిడ్డ. భర్త గార్డో, లోకో పైలటో అయితే అతడు ఏ రాత్రి ఏ స్టేషనులో ఉంటాడో అతనికే తెలియదు. రెండవ కాన్పు నాటికి పెద్దబిడ్డ చదువు అడ్డం వచ్చి పురుడు ఖరగ్‌పూర్‌లోనే పోసికోవలసి వస్తుంది. తల్లి పదిహేను రోజులు వచ్చి ఉంటుంది. ఊళ్ళో పాడి ఉంటుంది, కోతలుంటాయి; ఆమె వెళ్ళక తప్పదు. ఆమె రైలెక్కిన మరునాటినుండే ఈ యింట 'పాలు చాలటం లేదు' అనే మాట పుడుతుంది.

గేదె చెప్పే పాఠం

పాడి ఉన్న యింటి ఆడవారికి వైద్యగ్రంథాలు చదవనక్కరలేదు. దూడ నోరు తగిలితేనే గేదె చేపుతుంది. కొత్త మనిషి దగ్గరకు వచ్చినా, కుక్క మొరిగినా చేపదు. పొదుగు నిండుగానే ఉంటుంది, పాలు మాత్రం దిగవు. మనిషి విషయంలోనూ ప్రకృతి ఏర్పాటు ఇంచుమించు ఇదే. బిడ్డ చనుమొనను చప్పరించగానే తల్లి మెదడు అడుగున ఉన్న పీయూషగ్రంథి రెండు హార్మోనులను వదలుతుంది. మొదటిది ప్రొలాక్టిన్, ఇది పాలను తయారు చేయిస్తుంది. రాత్రివేళల్లో ఎక్కువగా ఊరుతుంది కనుకనే రాత్రి పాలివ్వడం మానరాదని వైద్యులంటారు. రెండవది ఆక్సిటోసిన్, తయారైన పాలను చేపించేది ఇదే. భయం, నొప్పి, అవమానం, దిగులు దీనిని తాత్కాలికంగా అడ్డగిస్తాయి. "నీకు పాలు లేవు" అని తల్లి ముఖం మీద అన్న అత్తగారు తనకు తెలియకుండానే ఆ పాలకు అడ్డుపడుతున్నదన్నమాట.

ఇక మూడవ సంగతి అన్నిటికన్న ముఖ్యం. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత నిండుతుంది. పాలు నిలవ ఉండిపోతే, ఇక వద్దనే సంకేతం శరీరానికి అందుతుంది. ఇప్పుడు డబ్బా కథ చూడండి. సీసాపాలు తాగిన బిడ్డ నాలుగు గంటలు నిద్రపోతుంది. ఆ నాలుగు గంటలూ రొమ్ము నిండి బిగుసుకొని ఉంటుంది. శరీరం ఉత్పత్తి తగ్గిస్తుంది. మరునాడు నిజంగానే కొంత తక్కువ పడుతుంది. ఇంకొక సీసా వస్తుంది. పదిహేను రోజులలో తల్లి తన శరీరాన్ని నమ్మడం మానివేస్తుంది. డబ్బా ఖర్చు నెలనెలా పెరుగుతుంది. పొడి రెండురోజులు ఎక్కువ రావాలని నీళ్ళు ఎక్కువ కలిపే యిళ్ళలో బిడ్డ కడుపు నిండినట్లే కనబడుతూ చిక్కిపోతుంది.

మొదటి మూడు రోజుల విషయంలో మన పెద్దలు కూడా పొరబడ్డారు. కాన్పు అయిన వెంటనే వచ్చే ముర్రుపాలు పసుపురంగులో, చిక్కగా, కొద్దిగా ఉంటాయి. వాటిని పిండి పారబోసి బిడ్డ నాలుకకు తేనె, పంచదార నీళ్ళు, ఆముదం రాసిన యిళ్ళు ఎన్నో. పుట్టిననాటి శిశువు కడుపులో ఒక విడతకు పట్టేది ఒకటి రెండు చెంచాలే. ముర్రుపాలు సరిగా ఆ కొలతకే వస్తాయి. రోగనిరోధక పదార్థాలతో వస్తాయి. తేనెలో ఉండగల ఒక రకపు సూక్ష్మజీవి ఏడాది నిండని బిడ్డకు ప్రాణాంతకం కాగలదు. పాత ఆచారాలన్నీ అమృతమేనని వాదించే వారితో నేను ఏకీభవించలేను.

నీళ్ళ సంగతీ అంతే. మే నెలలో ఖరగ్‌పూర్ ఎండ ఎట్లా ఉంటుందో అక్కడ ఒక వేసవి గడిపినవారికి చెప్పనక్కరలేదు. "పసిదానికి గొంతు ఎండిపోతుంది, రెండు చెంచాల నీళ్ళు పట్టండి" అని వచ్చినవారల్లా అంటారు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళకు పైగా నీరే. ఎంత ఎండలోనైనా ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు వేరే నీళ్ళు అక్కరలేదు. నీళ్ళు తాగవలసినది తల్లి.

నూటికి డెబ్బై, నూటికి ఆరు

2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో పుట్టిన గంటలోగా తల్లిపాలు అందుకున్న పిల్లలు నూటికి 41.8 మంది. ఆరు నెలలలోపు పిల్లలలో కేవలం తల్లిపాల మీద ఉన్నవారు 63.7 మంది. రెండవ అంకె అంతకు ముందటి సర్వేలో 54.9, అది పెరిగింది. మొదటిది 41.6 నుండి కదలలేదనే చెప్పాలి. ఆస్పత్రి కాన్పులు పెరిగినా ఆ తొలిగంట ఎందుకు జారిపోతున్నది? శస్త్రచికిత్స కాన్పులు ఒక కారణం. అదే సర్వేలో వాటి పాలు తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, పశ్చిమ బెంగాల్‌లో 32.6 శాతం. కోత కాన్పు అయితే పాలు రావన్నది అపోహ. వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కకు తిరిగి పడుకొని, లేదా బిడ్డను చంకకింద పట్టుకొని పాలివ్వవచ్చు. కాని ఆమె లేవలేదు. బిడ్డను అందించే చేయి ఒకటి కావాలి. ఆ చేయి లేని చోట సీసా వస్తుంది.

ఆ చేయి ఎంత పని చేయగలదో చూపిన పరిశోధన ఒకటి ఢాకా నగరంలో జరిగి, 2000లో 'లాన్సెట్' వైద్యపత్రికలో ప్రచురితమైంది. పరిశోధకులు అక్కడి పేటలలోని తల్లులనే ఎన్నుకున్నారు. వారు వైద్యులు కారు, నర్సులు కారు. తమ బిడ్డలకు పాలిచ్చి పెంచిన సాధారణ స్త్రీలు. వారికి నలభై గంటల శిక్షణ ఇచ్చారు. నెలలు నిండే కాలం నుండి అయిదవ నెల వరకు ఒక్కొక్క తల్లి యింటికి పదిహేను మార్లు వెళ్ళి కూర్చోవడం, చూడడం, చెప్పడం వారి పని. అయిదు నెలలకు లెక్క తీస్తే, వీరు వెళ్ళిన పేటలలో నూటికి డెబ్బైమంది తల్లులు కేవలం తమ పాలే ఇస్తున్నారు. వీరు వెళ్ళని పేటలలో ఆరుగురు. రెండు చోట్లా తల్లుల శరీరాలు ఒకటే, తిండి ఒకటే, పేదరికం ఒకటే. ఈ అంకెలు చదివిన తరువాత, పాలు తక్కువ కావడమనేది ప్రధానంగా వైద్యసమస్య అని అనుకోవడం కష్టం.

అమెరికాలో డబ్బాపాలు నాగరికతకు చిహ్నంగా చెల్లుతున్న 1956లో, ఇలినాయ్ రాష్ట్రంలో ఏడుగురు గృహిణులు ఇదే పని మొదలుపెట్టారు. ఒకరి యింట చేరి అనుభవాలు చెప్పుకోవడం, కొత్త తల్లిని కూర్చోబెట్టుకోవడం. ఆ కూటమే 'లా లేచీ లీగ్' పేరుతో అనేక దేశాలకు వ్యాపించింది. రైల్వే క్వార్టర్ల మధ్యగోడ దగ్గర నిలబడి కూరలు మార్చుకొనే మన ఆడవారికి ఇందులో వింత ఏమీ తోచదు.

ఖరగ్‌పూర్‌లో దీనికి మరొక అవసరం ఉన్నది. రైల్వే ఆస్పత్రిలో గాని, ప్రభుత్వ ఆస్పత్రిలో గాని నర్సు బెంగాలీలోనో హిందీలోనో చెబుతుంది. నిన్నగాక మొన్న టెక్కలి వైపు నుండి కాపురానికి వచ్చిన అమ్మాయి తల ఊపుతుంది. అర్థమైనదో లేదో ఎవరికీ తెలియదు. చనుమొన పగిలి నెత్తురు వస్తున్నదని పరభాషలో, పరాయివారి ఎదుట చెప్పగల ధైర్యం ఎందరికి ఉంటుంది? పక్క క్వార్టరు పిన్నిగారికి చెప్పగలదు.

పిన్నిగారు చూడవలసినది

ఆ పిన్నిగారు మొదట సలహా ఇవ్వరాదు. బిడ్డ పాలు తాగుతుండగా చూడాలి. నొప్పికి, పగుళ్ళకు, చాలకపోవడానికి నూటికి ఎక్కువపాళ్ళు కారణం బిడ్డ నోరు సరిగా అతుక్కోకపోవడమే. చనుమొన ఒక్కటే నోట ఉంటే బిడ్డ దానిని నలుపుతుంది. పాలు రావు, తల్లికి ప్రాణం పోతుంది. నోరు బాగా తెరచినప్పుడు, మొన చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలాభాగం, ముఖ్యంగా అడుగుభాగం, నోట పడేటట్లు బిడ్డను దగ్గరకు తీసికోవాలి. బిడ్డ గడ్డం రొమ్మును తాకాలి. కింది పెదవి వెలుపలికి తిరిగి ఉండాలి. బుగ్గలు గుండ్రంగా ఉండాలి గాని లోపలికి పీక్కొని ఉండరాదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి. తల్లి బిడ్డ మీదికి వంగరాదు; బిడ్డే తల్లి దగ్గరకు రావాలి. నడుము వెనుక ఒక దిండు పెట్టితే సగం బాధ తీరుతుంది. సరిగా పట్టినప్పుడు గుటక చప్పుడు వినబడుతుంది.

చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి నిర్ణయించరాదు. ఆకలి ఒక్కటే ఏడుపుకు కారణం కాదు కదా! మొదటివారం చివరికి బిడ్డ రోజుకు ఆరుమార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తున్నదా? పుట్టిన తరువాత కొద్దిగా తగ్గిన బరువు రెండు వారాలకు తిరిగి వచ్చినదా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వస్తే డబ్బా అక్కరలేదు. ఇరవైనాలుగు గంటలలో ఎనిమిది నుండి పన్నెండు మార్లు తాగడం మామూలే. సాయంకాలం అదే పనిగా రొమ్ము కోరడమూ మామూలే.

అయితే పిన్నిగారికి తన హద్దు తెలియాలి. బిడ్డ మగతగా ఉండి తాగకపోయినా, మూత్రం తగ్గినా, కళ్ళు, ఒళ్ళు బాగా పచ్చబడినా, జ్వరం తగిలినా ఆ పూటే ఆస్పత్రికి. తల్లి రొమ్ము ఎర్రబడి చలిజ్వరం వస్తే వైద్యుని చూపాలి. సాధారణంగా అప్పుడు కూడా పాలివ్వడం ఆపనక్కరలేదు. తల్లి రోజుల తరబడి పలుకక, నిద్రపోక, బిడ్డను చూచి విసుగుకొంటే దానిని కొవ్వు అనుకోరాదు. అది కూడా వైద్యం ఉన్న జబ్బే. తీవ్ర రక్తస్రావం తరువాత, కొన్ని గ్రంథి వ్యాధులలో, పాలు నిజంగానే తక్కువ పడే తల్లులు కొందరుంటారు. వారికి వైద్యుడు చెప్పిన పోతపాలు అవసరమే. అటువంటి తల్లిని దోషిలా చూడడం కన్న క్రూరత్వం లేదు.

మన ప్రాంతపు బాలింత పథ్యం పెద్ద గ్రంథం. వెల్లుల్లి, మెంతులు, కాయం ఉండలు. తీరపు ఊళ్ళలో సొరచేప. ఇవి బాలింతకు రుచి, బలం అయితే సంతోషమే. కాని కూరలు, పప్పులు మాన్పించి, నీళ్ళు కొలిచి పోసే పథ్యం తల్లిని పీల్చివేస్తుంది. డాక్టర్ సి. గోపాలన్ 1950లలో కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పేద తల్లుల పాలను కొలిచి చూశారు. అర్ధాకలితో ఉన్నవారు సైతం రోజుకు ఇంచుమించు అరలీటరు పాలిస్తున్నారని తేలింది. ఆ పరిశోధనశాలే తరువాత హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. శరీరం బిడ్డకు ముందు పెడుతుంది. లోటును తల్లి ఎముకలు, కండలు భరిస్తాయి. అందువల్లనే మొదటి ఆరు నెలలు బాలింతకు రోజుకు అదనంగా 600 క్యాలరీల ఆహారం కావాలని పోషకాహార నిపుణులు నిర్ణయించారు. అంటే మరొక పూట భోజనమన్నమాట.

డబ్బామీద బొమ్మ ఎందుకు లేదు?

1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఒక ఉపన్యాసం చేసింది. దాని పేరు 'పాలు, హత్య'. తల్లులను మభ్యపెట్టి డబ్బాపాలకు మళ్ళించడం వలన కలిగే శిశుమరణాలను హత్యలుగానే పరిగణించాలని ఆమె వాదం. నలభై రెండేళ్ళ తరువాత, 1981 మే నెలలో, ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల వ్యాపారానికి అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలం; వ్యతిరేకంగా అమెరికా ఒక్కటే. మన పార్లమెంటు 1992లో చట్టం చేసి, 2003లో దానిని బిగించింది. రెండేళ్ళలోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు, ఉచిత నమూనాలు, ఆస్పత్రి సిబ్బందికి కానుకలు నిషిద్ధం. డబ్బాపై బొద్దుగా నవ్వే పసిపాప బొమ్మ కనబడకపోవడానికి కారణం ఈ చట్టమే.

సొంత తల్లి పాలు అందని శిశువుకు మరొక దారి కూడా ఏర్పడింది. 1989లో బొంబాయి సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకును నెలకొల్పారు. హైదరాబాదు నీలోఫర్ ఆస్పత్రిలో అటువంటిది 2017లో ఆరంభమైంది. నెలలు నిండక పుట్టిన పసికందులకు ఈ పాలు ప్రాణభిక్ష.

ఉద్యోగానికి వెళ్ళే తల్లి

ఖరగ్‌పూర్ క్వార్టర్లలో నేడు డ్యూటీకి వెళ్ళేది పురుషులే కాదు. 1920లలో బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన వి.వి. గిరి 1927లో జెనీవాలో కార్మికుల ప్రతినిధిగా కూర్చున్నారు. పాలిచ్చే తల్లికి పనివేళల్లో రోజుకు రెండుమార్లు అరగంట విరామం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక మహాసభ 1919లోనే తీర్మానించి ఉన్నది. మన దేశంలో 1961 నాటి ప్రసూతి చట్టం బిడ్డకు పదిహేను నెలలు వచ్చేవరకు అటువంటి రెండు విరామాలు ఇచ్చింది. 2017 సవరణ జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేసింది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా వీటిని నిలిపింది. రైల్వేతో సహా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజుల సెలవు. తండ్రికి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులను బారసాల ఏర్పాట్లకు ఖర్చు చేసే తండ్రులు, రాత్రి రెండు గంటలకు బిడ్డను ఎత్తి తల్లికి అందించడమెట్లాగో నేర్చుకోవడం మేలు.

సెలవు ముగిసిన తల్లి చేతితో పాలు పిండి ఉంచవచ్చు. చేతులు కడుక్కొని, మరగించిన మూతగిన్నెలో పట్టాలి. గది చల్లగా ఉంటే నాలుగు గంటలవరకు ఉంచవచ్చు; వేసవిలో ఆ గడువు నమ్మరాదు, ఫ్రిజ్‌లో పెట్టాలి. పట్టడానికి సీసా వద్దు. పీకకు అలవాటుపడిన నోరు రొమ్మును సరిగా పట్టదు. పీకలో మురికి పోదు. వైద్యులు చెప్పే చిన్న గిన్నె మన అమ్మమ్మల పెట్టెలో ఎప్పటినుండో ఉన్నది: ఉగ్గుగిన్నె. ముక్కు సన్నగా, అంచు నున్నగా ఉండే ఆ వెండిగిన్నె లేకపోతే స్టీలుది బజారులో దొరుకుతుంది. మరగించడం సులభం, తోమడం సులభం.

ఉగ్గు పేరు ఎత్తిన తరువాత అన్నప్రాశన సంగతీ చెప్పాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దన్నది నేటి వైద్యశాస్త్రం మాట. మగపిల్లవానికి సరినెలలో, ఆరవదో ఎనిమిదవదో. ఆడపిల్లకు బేసినెలలో, అయిదవదో ఏడవదో అన్నది మన ఆచారం. ఆడపిల్ల పాలు నెల ముందే తగ్గించే ఆ అయిదవ నెలను విడిచి ఏడవ నెల ముహూర్తం పెట్టమంటే ఏ పురోహితుడూ కాదనడు. ఆ రోజు బిడ్డ నోట పాయసం పెట్టి, పప్పన్నం మెత్తగా మెదిపి పెట్టడం మొదలుపెట్టిన తరువాత కూడా, రెండేళ్ళవరకు, ఆపైన కూడా, తల్లిపాలు సాగవచ్చు.